బుల్లియ్యని ఎవరూ ఆపలేదు

చినతాడిపర్రులో బుల్లియ్య ఇంటికి చుట్టంగా వెళ్ళడం ఎంత తేలికో, ఆ ఇంట్లోంచి బయటపడడం అంత కష్టం. "వెళ్ళొస్తామండి" అని చుట్టం లేచి నిలబడగానే బుల్లియ్య మొహం చిన్నబుచ్చుకుని "అప్పుడే ఏంటండీ!" అనేవాడు. అది మొదటిసారి. రెండోసారి లేస్తే చుట్టం చెప్పులు కనిపించేవి కావు. మూడోసారి లేచేసరికి బండి చక్రం ఊడిపోకుండా ఇరుసుకి పెట్టే కడసీల మాయమయ్యేది. అది ఏ బియ్యపు కుండలోనో, బుల్లియ్య బొడ్లోనో ఉండేది. పొలాలు కొలవడానికొచ్చిన సర్వే గుమాస్తా ఒకాయన అలాగే చిక్కుకుపోయి, పెళ్ళాం పురుటికి అందలేక, పుట్టినవాడికి బుల్లియ్య పేరే పెట్టాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ప్రేమతో పెట్టాడో కసితో పెట్టాడో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

నవ్వకండి. బుల్లియ్య లెక్కలో ఇదంతా శాస్త్రం. వెళ్తానన్నవాణ్ణి మూడుసార్లు ఆపాలి. అప్పటికీ వినకపోతే కాలువ గట్టు దాకా సాగనంపి, కళ్ళు తుడుచుకుని రావాలి. వడ్డనలోనూ అంతే. చుట్టం విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలండి" అన్నాడంటే కడుపు నిండిందని కాదు, పెద్దల చేతిలో పెరిగినవాడని అర్థం. ఆ చేతి మీద నుంచే వడ్డించాలి. ఈ శాస్త్రం ఎవరు రాశారో తెలియదు గాని, తు.చ. తప్పకుండా పాటించింది మాత్రం బుల్లియ్య ఒక్కడే.

అలాంటి బుల్లియ్యని సొంత చెల్లెలు ఆపలేదు.

చెల్లెలు లోవమ్మని కాకినాడలో, జగన్నాథపురం రేవు దగ్గర ఇచ్చారు. మొగుడు పెద్దిరాజు, ఒడ్డు నుంచి ఓడల దాకా బియ్యం బస్తాలు చేరవేసే పడవల మీద మేస్త్రీ. పన్నెండేళ్ళ కిందట బుల్లియ్య చెల్లెల్ని చూడడానికి వెళ్ళి, ఒక రాత్రి ఉండి, పొద్దున్నే గొడుగు చంకలో పెట్టుకుని "వెళ్ళొస్తానే లోవా" అన్నాడు. లోవమ్మ "మంచిదన్నయ్యా, జాగ్రత్త" అంది. అంతే. ఇంకో మాట లేదు.

బుల్లియ్య మొదట తను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. అరుగు మీద నిలబడి పైపంచె సర్దుకున్నాడు. గొడుగు తెరిచి చూసి మూశాడు. దాహం లేకపోయినా మంచినీళ్ళడిగి తాగాడు. మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. ఇంకాస్త దూరం వెళ్ళి మళ్ళీ చూశాడు. ఇంటికొచ్చి పెళ్ళాం రత్నమాణిక్యంతో "నా చెల్లెలు నన్ను గెంటేసిందే" అన్నాడు. ఆపకపోవడమంటే బుల్లియ్య భాషలో గెంటెయ్యడమే.

మామూలు మనిషైతే కోపమొస్తే తిడతాడు. బుల్లియ్యకి కోపమొస్తే మర్యాద పెరుగుతుంది. ఆ తరవాత శుభకార్యాలకి లోవమ్మ పుట్టింటికి వచ్చినప్పుడల్లా "రండి లోవమ్మగారూ, కూర్చోండి. కాళ్ళకి నీళ్ళిచ్చారాండి?" అని పలకరించేవాడు. "ఇదేంటన్నయ్యా, నన్ను మీరంటావు?" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "ఏం లేదండి, భోంచేయండి" అనేవాడు. వెళ్ళేటప్పుడు మాత్రం లెక్క ప్రకారం మూడుసార్లు ఆపేవాడు. ఎలా ఆపాలో చూసి నేర్చుకోమని కాబోలు. చెల్లెలి గుమ్మం మాత్రం మళ్ళీ తొక్కలేదు. తొక్కనని పంతం.

ఇలా ఉండగా పక్కరైతు పంటబోదె గట్టు తెగ్గొట్టాడా లేదా అన్న దావాలో బుల్లియ్యకి సాక్షిగా సమన్లొచ్చాయి. కాకినాడ కోర్టులో, వేసవి సెలవులకి ముందు ఆఖరి వాయిదా. అంటే కాలువలు కట్టేసే రోజులు. ఒకసారి కట్టేశారంటే మృగశిర దాకా నీళ్ళు రావు, పడవలు నడవవు.

రత్నమాణిక్యం ఆ ఏటి కొత్తావకాయ ఒక చిన్న జాడీలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి మొగుడి చేతికిచ్చింది.

"ఇది లోవమ్మకి. ఇచ్చి రండి. ఎలాగూ ఆ ఇంట్లోనే కదా దిగుతారు."

"ఆ ఇంట్లో దిగను. నన్ను సాక్ష్యానికి పిలిపించిన ప్లీడరుగారు వేరే బస చూశారు."

"బస చూస్తే చూశారు. జాడీ మాత్రం అక్కడికే చేరాలి. మీ పంతం మీది, నా ఆవకాయ నాది."

ప్లీడరుగారు చూసిన బస కూడా జగన్నాథపురంలోనే తగిలింది, లోవమ్మ ఇంటికి నాలుగు వీధుల అవతల. ఇంగ్లీషువాళ్ళకంటే ముందొచ్చిన ఒలందా దొరలు ఎప్పుడో కట్టుకున్న మేడ అది. ఒక్కో గోడ ఎద్దుబండి వెడల్పు. ద్వారబంధం మీద ఓడ బొమ్మ చెక్కి ఉంది. దొరలు పోయాక గబ్బిలాలు కాపురముంటే, మద్రాసు ఆసామీ ఒకాయన కొని, గబ్బిలాల్ని వెళ్ళగొట్టి హోటలు పెట్టాడు. తూర్పు వైపు గదులు ఓడల కెప్టెన్లకి, పడమటి వైపు మనవాళ్ళకి. ఎవరి వంట వాళ్ళకి, ఎవరి బావి వాళ్ళకి. ఇదంతా మనకి తెలుసు. బుల్లియ్యకి తెలియదు. ప్లీడరుగారు "మీరక్కడ ఏమీ ఇచ్చుకోనక్కర్లేదండి, అంతా వాళ్ళే చూసుకుంటారు" అన్నారు. ఖర్చు తానే కట్టేశానని చెప్పడం మొరటుతనమని ఊరుకున్నారు. దాంతో ఇదెవరో ప్లీడరుగారి స్నేహితుడి ఇల్లని బుల్లియ్య నిశ్చయించుకున్నాడు.

గుమ్మంలో తెల్ల కోటు, జరీ తలపాగాతో తాతాజీ అనే మేనేజరు వంగి నమస్కారం పెట్టాడు. ఇంత మర్యాదస్థుడు ఇంటి యజమాని కాక ఇంకెవరవుతాడు? బుల్లియ్య రెండు చేతులూ పట్టుకుని "పిల్లలెందరండీ? ఇంట్లోవారు కులాసాయేనాండి?" అని మొదలుపెట్టాడు. తాతాజీకి ఉద్యోగంలో చేరాక ఇలా అడిగినవాడు లేడు. "నలుగురండి. పెద్దదానికి గవద బిళ్ళలండి" అని నిజం చెప్పేశాడు. "అయ్యయ్యో!" అన్నాడు బుల్లియ్య. అని, చుట్టపు చూపుగా వచ్చి ఉత్త చేతులతో ఎలా నిలబడడమని తోచి, జాడీ తీసి తాతాజీ చేతిలో పెట్టాడు. పెట్టాక గాని అది లోవమ్మ జాడీ అని గుర్తు రాలేదు. ఇచ్చింది వెనక్కి అడగడం ఏ శాస్త్రంలోనూ లేదు.

గది చూసి కంగారు పడ్డాడు. మంచానికి పెళ్ళిపందిరిలా నాలుగు గుంజలు, దాని చుట్టూ తెర. ఇది దంపతుల గదేమో, తన కోసం పాపం ఇంటివాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో అని నొచ్చుకుని, మంచానికి ఒక చివర ఒదిగి పడుకున్నాడు. పొద్దున్నే వసారాలో ఎర్రటి దొరలిద్దరు కుర్చీల చేతుల మీద కాళ్ళు చాపుకుని కనిపించారు. తాతాజీగారికి దొరల్లో కూడా బంధువర్గం ఉందన్నమాట అనుకుని, వాళ్ళకీ ఒక నమస్కారం పెట్టాడు.

అసలు కష్టం భోజనాల దగ్గర. పడమటి వైపు వంటాయన వడ్డించడంలో దొరల పద్ధతి నేర్చినవాడు. కావాలంటే పెట్టు, వద్దంటే పో. మొదటి పూట పప్పు, గుత్తి వంకాయ, ముక్కల పులుసు ఘుమఘుమలాడుతున్నాయి. వంటాయన ఒక గరిటె వేసి "ఇంకా కావాలాండి?" అన్నాడు. బుల్లియ్య శాస్త్రప్రకారం చెయ్యి అడ్డం పెట్టి "చాలండి, చాలండి" అన్నాడు. వంటాయన గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తాడని బుల్లియ్య అరిటాకులో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. రాలేదు. రాత్రీ అంతే. మర్నాడు పొద్దున్న ఉప్మా దగ్గరా అంతే. "కావాలండి" అని నోరు తెరిచి అడగడమంటే, కళ్ళెదురుగా గుత్తి వంకాయ ఉన్నా సరే, బుల్లియ్య వల్ల కాని పని. ఇల్లంతా తిండి పెట్టుకుని ఆ మహానుభావుడు ఎండిపోయాడు. ఆ కాస్త తినేటప్పుడైనా ఇంటాయన పక్కన లేకపోతే బాగుండదని తాతాజీని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టేవాడు. తాతాజీ ఎందుకో తెలియక కూర్చుని, పెద్దదాని గవద బిళ్ళల సంగతి చెప్పేవాడు.

కోర్టు పని త్వరగానే అయిపోయింది. సాక్ష్యం ముగిశాక మునసబుగారు "ఇక మీరు వెళ్ళొచ్చు" అన్నారు. ఇంకేమైనా అంటారేమోనని బుల్లియ్య బోనులో కాసేపు నిలబడ్డాడు. బంట్రోతు వచ్చి చెయ్యి పట్టుకుని దింపాడు. ఈ కాకినాడ ఊరే అంత, ఒక్కడికీ నోరు రాదు అని గొణుక్కుంటూ బసకి చేరాడు.

ఆ మర్నాడు సాయంత్రం ఆఖరి పడవ. ఆ తరవాత కాలువ కట్టేస్తారు. బుల్లియ్య పొద్దున్నే తయారై, గొడుగు చంకలో పెట్టుకుని, తాతాజీ ఎదుట నిలబడి "మరి వెళ్ళొస్తానండి" అన్నాడు.

"చాలా సంతోషమండి" అన్నాడు తాతాజీ, వంగి నమస్కారం పెడుతూ.

బుల్లియ్య కాలు గడప దగ్గరే ఆగిపోయింది. సరిగ్గా పన్నెండేళ్ళనాటి దెబ్బే. ఆపకుండా గుమ్మం దాటితే గెంటించుకున్నట్టేనాయె. "ఎండగా ఉంది, కాస్త ఆగి వెళ్తాలెండి" అని వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఇంకో గంటకి మళ్ళీ లేచి, ఈసారి ఇంకాస్త గట్టిగా "వెళ్ళొస్తానండీ!" అన్నాడు. తాతాజీ ఈసారి తలుపు కూడా తీసి పట్టుకున్నాడు. బుల్లియ్య నడుం పట్టేసిందని చెప్పి మళ్ళీ చతికిలబడ్డాడు. భోజనాల వేళ దాటాక మూడోసారి లేస్తే తాతాజీ స్వయంగా గొడుగు విప్పి చేతికిచ్చాడు. పాపం, ఆయన తొందర ఆయనది. తుని వైపు నుంచి జమీందారుగారొకరు ఆ గదికే వస్తున్నారు. విప్పిన గొడుగుతో వసారాలో కుర్చీ మీద కూలబడిన బుల్లియ్యని చూసి తాతాజీ తల పట్టుకుని, గదులు ఊడ్చే యెహెజ్కేలుని పంపించాడు.

యెహెజ్కేలు బాప్టిస్టు గుడికి పోయే మనిషి. మాట నిదానం. చీపురు గోడకి చేర్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, తమరు వెళ్తున్నారాండి, ఉంటున్నారాండి?"

"ఆపకుండా ఎలా వెళ్తానయ్యా? మీ అయ్యగారికి నా మీద కోపమేంటి?"

"మా అయ్యగారెవరండీ?"

"తాతాజీగారు. ఈ ఇంటాయన."

"ఆయన ఇంటాయన కాదండి. నాలాగే జీతగాడండి. ఆయనకి కోటుందండి, నాకు చీపురుందండి."

"మరి ఇంటాయనెవరు?"

"మద్రాసులో ఉన్నారంటండి. మేమూ చూళ్ళేదండి. ఇది హోటలండి. డబ్బు కట్టినవాళ్ళు ఉంటారండి, పని కాగానే పోతారండి. తమరికి ప్లీడరుగారు కట్టేశారండి."

బుల్లియ్య గొడుగు మూశాడు. చుట్టరికం అంతా ఒక్కసారి కూలిపోయింది. మొదట సిగ్గేసింది. ఆ తరవాత ఒక అనుమానం వచ్చింది.

"అయితే ఆ వంకాయ కూర... అడిగితే పెట్టేవాడా?"

"ఆయ్. ఎంతడిగితే అంతండి."

బుల్లియ్య కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆ వంకాయల్ని తలుచుకున్నాడని నేను అనుకుంటున్నాను. కాసేపటికి ఉక్రోషం వచ్చింది.

"డబ్బు తీసుకున్నాడే అనుకో. ఈ పూట ఉండండి అంటే ఆయన నోటి ముత్యాలు రాలతాయా? ఏం పోతుంది?"

"ఓడ పోతుందండి" అన్నాడు యెహెజ్కేలు. "ఇది రేవు కదండీ. అలవాటు హోటల్ది ఒక్కదానిదీ కాదండి, ఊరందరిదీనండి. నీళ్ళ మీద బతికే ఇళ్ళల్లో బయల్దేరినవాణ్ణి ఆపరండి. ఆపితే కీడండి. పొద్దున్నే నేనొచ్చేటప్పుడు అన్నం మూట మర్చిపోయినా మా ఆడది వెనక్కి పిలవదండి. వెనకాలే పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టి పోద్దండి. పాస్టరుగారు ఇదంతా ఉత్త మూఢనమ్మకం అంటారండి. ఆయన బయల్దేరినా ఎవరూ ఆపరండి."

"ఎవ్వరూ ఆపరా? ఆడవాళ్ళు కూడానా? సొంతవాళ్ళని కూడానా?"

"సొంతవాళ్ళని అసలే ఆపరండి. పరాయివాడికి ఏమైతే మనకేంటండి."

బుల్లియ్య వేళ్ళు మడిచి లెక్క వేశాడు. పన్నెండేళ్ళు. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని పురుళ్ళు, ఎన్ని "అండి"లు! లేచి, చెప్పులేసుకుని, శాస్త్రం సంగతి మర్చిపోయి ఎవరికీ చెప్పకుండానే మెట్లు దిగాడు. యెహెజ్కేలు వెనకే పరిగెత్తుకొచ్చి జాడీ చేతిలో పెట్టాడు. తాతాజీ తెలివిగా దాన్ని తూర్పు వైపు బల్ల మీద పెట్టించాడట. కెప్టెన్ దొర రొట్టెకి రాసుకు తిని, కళ్ళూ ముక్కూ కార్చుకుంటూ బల్ల గుద్ది మరీ మళ్ళీ తెప్పించుకున్నాడట. సగం మిగిలింది.

లోవమ్మ వాకిట్లో చాప మీద వడియాలు పెడుతోంది. అన్నయ్యని చూసి, పిండి చేతులతో అలాగే లేచి నిలబడిపోయింది. పన్నెండేళ్ళ తరవాత గుమ్మంలోకొచ్చిన మనిషిని ఎలా పిలవాలో తెలియక పెదవులు కదిపింది. తను పిలిస్తే ఆయన "ఏంటండీ" అంటాడేమోనని భయం.

"లోవా" అన్నాడు బుల్లియ్య. "ఆకలేస్తోందే."

అంత పెద్దమనిషి జన్మలో ఎవరి దగ్గరా అనని మాట అది. లోవమ్మ ఏడుస్తూనే ఆకు వేసింది. పెద్దిరాజు పడవల మీద ఉన్నాడు. ఇంట్లో పొద్దుటి అన్నం, పప్పుచారు, నాలుగు వేపుడు ముక్కలు, సగం జాడీ ఆవకాయ. "మీ వదిన పంపింది. సగం ఓడెక్కేసింది" అన్నాడు బుల్లియ్య. రెండోసారి అన్నం పెట్టబోతుంటే అలవాటు చొప్పున చెయ్యి అడ్డం పెట్టి "చాలే" అన్నాడు. లోవమ్మ ఆ చెయ్యి పక్కకి నెట్టి పెట్టింది. మూడోసారీ నెట్టింది. పుట్టింటి శాస్త్రం ఆవిడ మరిచిపోలేదు.

తిన్నాక చెయ్యి కడుక్కోకుండానే అడిగాడు.

"ఆ రోజు నన్నెందుకు ఆపలేదే?"

లోవమ్మ ఎంగిలాకు మడిచి తీసింది. తరవాత మెల్లగా చెప్పింది. "మా మావగారు ఒకసారి బయల్దేరి చెప్పులేసుకున్నాక, అత్తయ్య ఈ పూట తిని వెళ్ళమని ఆపిందంట. తిని, తరవాతి పడవెక్కారు. ఆ పడవ తిరిగి రాలేదు. కాపరానికొచ్చిన రోజే అత్తయ్య నా చేత ఒట్టేయించుకుంది, ఈ గుమ్మంలోంచి బయల్దేరినవాణ్ణి ఆపనని. నువ్వు గొడుగు తెరిచి మూశావు. మంచినీళ్ళడిగావు. వీధి మలుపులో వెనక్కి చూశావు. అన్నీ చూశాను అన్నయ్యా. తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను."

"మరి తరవాతైనా చెప్పలేదేమే?"

"నువ్వు అండి అన్నాక నాకేం నోరొస్తుంది?"

బుల్లియ్య లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రం లాకుల దగ్గర ఆఖరి పడవ బూర ఊదింది. బుల్లియ్య లేచి గొడుగు తీసుకున్నాడు. "వెళ్ళొస్తానే లోవా" అన్నాడు. లోవమ్మ మొహం పాలిపోయింది. "మంచిదన్నయ్యా, జాగ్రత్త" అని, చప్పున తలుపు చాటుకి వెళ్ళిపోయింది. ఈసారి ఆయనకి తలుపు కింద సందులోంచి ఆవిడ పాదాలు కనిపించాయి. మెట్లు దిగాడు. మలుపు దాకా నడిచాడు. అక్కడ నిలబడి బూర ఇంకోసారి ఊదేదాకా విన్నాడు. మళ్ళీ వెనక్కి నడిచి వచ్చి, గొడుగు దూలానికి తగిలించి, అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వేం ఆపలేదులే, ఒట్టు భద్రంగానే ఉంది" అన్నాడు తలుపు వైపు చూడకుండా. "నేనే ఆగాను. రాత్రికి ఏం వండుతున్నావు?"

ఎవరూ ఆపకుండా బుల్లియ్య ఒక ఇంట్లో ఆగడం అదే మొదలు. ఎన్నాళ్ళున్నాడో లెక్క లేదు గాని, కాలువ పూర్తిగా ఎండాక, పడవలు తిరిగిన దారినే కాలినడకన ఇల్లు చేరాడు. రత్నమాణిక్యం ఖాళీ జాడీ చూసి ఇంకేమీ అడగలేదు.

ఆ ఏడు అట్లతద్దికి లోవమ్మ పుట్టింటికొచ్చింది. వెళ్ళే రోజున ఊళ్ళోవాళ్ళు ఈసారి కడసీల ఎక్కడ దొరుకుతుందో చూద్దామని బండి చుట్టూ చేరారు. కడసీల దాని చోట అదే ఉంది. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. "వెళ్ళొస్తాను అన్నయ్యా" అంది లోవమ్మ. చినతాడిపర్రు చెవులారా వింది, బుల్లియ్య ఏమన్నాడో.

"మంచిదమ్మా, జాగ్రత్త."

అని, చరచరా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. "అదేంటండీ, ఆపరేంటి?" అని రత్నమాణిక్యం వెనకే వెళ్ళి చూస్తే, ఆ మహానుభావుడు తలుపు చాటున నోట్లో పైపంచె కుక్కుకుని నిలబడి ఉన్నాడు. బండి గట్టు మలుపు తిరిగేటప్పుడు లోవమ్మ వెనక్కి చూసి, ఎవరూ కనిపించని గుమ్మం వైపు చెయ్యి ఊపింది.